ఇంటి కథకు ఒక పటం: నకాషీ పద్ధతిలో మీ కుటుంబ చరిత్ర గీసుకోవడం ఎలా

తెలంగాణ పల్లెల్లో పటం అంటే గోడకు తగిలించే బొమ్మ కాదు. చుట్ట విప్పుకుంటూ, ఒక్కో గడిని కర్రతో చూపిస్తూ, పాడి చెప్పే కథ. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం. ఆ పటాలు రాసిచ్చినవాళ్లు నకాషీలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఆ పనికి పేరుమోసిన ఊరు. జాంబ పురాణంలో జాంబవుడు భూమికంటే ముందు పుట్టినవాడు. ఊరి చివర కూర్చున్నవాడు ఆ గడి చూస్తూ తాను ఎవరో తెలుసుకునేవాడు. అందుకే తమ మూలాలను బొమ్మల్లోకి తేవాలనుకునే తెలుగువాళ్లు కొత్త రూపం కోసం వెతకనక్కర్లేదు. నేనెవరన్న ప్రశ్న కోసమే పుట్టిన రూపం మన దగ్గర ఉంది.

ఇక్కడ చెప్పే పద్ధతిలో తయారయ్యేది 180 సెంటీమీటర్ల పొడవు, 46 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మ ఉన్న పటం, ఏడు గడులు. పాత పటాలు దీనికి ఎన్నో రెట్లు పొడవు. మొదటిసారికి ఇది చాలు. శని, ఆదివారాలు మాత్రమే కూర్చుంటే రెండున్నర నెలలు పడుతుంది. అందులో సగం కుంచె ముట్టకుండానే గడవాలి. నేరుగా రంగుల్లోకి దిగినవాళ్ల పటాల్లో ఎవరింటికైనా సరిపోయే పల్లెటూరు కనిపిస్తుంది తప్ప వాళ్ల ఊరు కనిపించదు.

మొదట మనుషులు, తర్వాత కాగితాలు

పెద్దవాళ్ల దగ్గర కూర్చుని "మన చరిత్ర చెప్పు" అంటే "ఏముంది చెప్పడానికి" అంటారు. వస్తువు గురించి అడగండి. పాత ఇంట్లో పొయ్యి ఏ మూలన ఉండేది? వాకిలి ఎటువైపు? తాగునీళ్లు ఎక్కణ్నుంచి? బావిలో చేద వేసే హక్కు అందరికీ ఉండేదా, కొందరు గట్టు కింద నిలబడి పోయించుకునేవాళ్లా? అమ్మమ్మ పెళ్లినాడు కట్టిన చీర ఏ రంగు, ఎక్కడ కొన్నారు, చివరికి అది ఏమైంది? ఒక్క చీర ప్రశ్నకు నారాయణపేట అంచు, తాకట్టు కొట్టు, బొంతగా మారిన పాత బట్ట, మూడూ బయటికి వస్తాయి. అవన్నీ గీయదగిన బొమ్మలే. ఒక్కొక్కరితో గంటకు మించి కూర్చోకండి, రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి చెప్పినదానికీ రెండోసారి చెప్పినదానికీ తేడా ఉంటే రెండూ రాసుకోండి. ఫోన్‌లో గొంతు రికార్డు చేసేముందు అడగడం మర్యాద.

సంవత్సరాలు అడిగితే చెప్పలేరు. అందరికీ తెలిసిన సంఘటనకు ముడిపెట్టి అడగాలి. నైజాం ప్రాంతంలో 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందా, తర్వాతా? కృష్ణా జిల్లాలో 1977 నవంబరు దివిసీమ ఉప్పెననాటికి ఇల్లు కట్టారా? గోదావరి ఒడ్డువాళ్లకు 1986 వరదలు గుర్తుంటాయి. పుష్కరాలు ఇంకా మంచి కొలబద్ద: గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకు 1980, 1992, 2004, 2016. జాతకం కాగితం మీద సంవత్సరం పేరే ఉంటే అరవై ఏళ్ల చక్రంలో లెక్కేయండి. ప్రభవ అంటే 1927-28 లేదా 1987-88. ఈశ్వర అంటే 1937-38 లేదా 1997-98. మనిషి వయసు తెలిస్తే రెండింట్లో ఏదో తేలిపోతుంది. బడి టీసీలో పుట్టినతేదీని మాత్రం నమ్మకండి. జూన్, జూలై మొదటి తేదీల్లో పుట్టినవాళ్లు ఆ తరంలో అంతమంది ఉండటం పంతుళ్ల చలవ.

కాగితాల్లో బాగా పనికొచ్చేవి పాత పహాణీలు, అడంగళ్లు (పొలం రికార్డులు), శుభలేఖలు, పెళ్లి చదివింపుల పుస్తకం, ఫొటోల వెనక స్టూడియో ముద్ర. చదివింపుల పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ, ఏ ఊళ్లో చుట్టాలుండేవాళ్లో, ఎవరితో రాకపోకలు ఆగిపోయాయో అది చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. మీ కులానికి వంశం చెప్పే పిచ్చిగుంట్లవాళ్లు గానీ భట్రాజులు గానీ ఉంటే, వాళ్ల నోటి నుంచి వినడం కాగితంతో సమానం. ఫిజీ, నటాల్ వంటి చోట్లకు కూలి ఒప్పందం మీద ఓడెక్కిన పూర్వీకులుంటే, మద్రాసులో రాసిన వలస పాసులో తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటిమీద గుర్తు దాకా ఉంటాయి. 1942లో బర్మా నుంచి నడిచొచ్చిన కుటుంబాలకు కాగితాలు మిగలకపోవచ్చు. వాళ్ల విషయంలో దారిలో ఏం మోసుకొచ్చారన్నదే అడగాలి.

ఇదంతా ఒక నోటుపుస్తకంలో రాస్తూ, ప్రతి సంగతి పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: "చూసింది" (కాగితం, ఫొటో, వస్తువు ఉంది), "విన్నది" (ఇద్దరైనా చెప్పారు), "ఊహ". ఈ గుర్తులు చివరికి పటంలోకే వస్తాయి.

ఏడు గడులు

ఒక్కో గడికి ఒక్క వాక్యం. ఆ వాక్యంలో ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అన్న మూడూ ఉండాలి. "తాతయ్య చాలా కష్టపడ్డాడు" అన్నది గడి కాదు, గీయడానికేమీ లేదు. "తాతయ్య తెల్లారక ముందే గుంటమగ్గంలో దిగాడు, నాయనమ్మ వాకిట్లో కండెలు చుడుతోంది" అన్నది గడి.

పాత పటాలు సాధారణంగా వినాయకుడితో మొదలవుతాయి. మీ పటం మీ ఇలవేల్పుతో మొదలవ్వచ్చు: ఎల్లమ్మ, మైసమ్మ, పీరు, ఊరి చర్చి మెట్లు, ఏదైతే అది. దేవుడి గడి వద్దనుకునేవాళ్లు ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి పొలిమేర చెట్టు పెట్టుకోవచ్చు. మిగతా ఆరింటికి సిరిసిల్ల నుంచి మహారాష్ట్రలోని భివండీకి పోయిన మగ్గం ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. రెండో గడి గుంటమగ్గం ఉన్న ఇల్లు. మూడోది వీధి పొడవునా పడుగు చేస్తున్న ఇంటిల్లిపాది. నాలుగోది నూలు బాకీ రాసుకుంటున్న సేటు, చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి. ఐదోది రైలు. ఆరోది పవర్‌లూమ్ షెడ్డు, పక్కనే ఎనిమిదిమంది పడుకునే గది. ఏడోది ఇవాళ. పెళ్లిళ్లే నాలుగు గడులు నింపే అలవాటు చాలామందికి ఉంది. ఒక్క పెళ్లి చాలు. పెళ్లిలో అందరూ ఒకేలా ఉంటారు, పనిలో ఎవరి చేతులు వాళ్లవి.

పని గురించి ఒక మాట. చాకిరేవు బండ, కల్లు గీసే కత్తి, తోలు నానబెట్టే గూనలు, మంగలి పొది గీయడానికి వెనకాడి, ఆ స్థానంలో ఎద్దులబండీ సూర్యోదయమూ పెట్టిన పటాలు డొల్లగా ఉంటాయి. నకాషీ పటం పుట్టిందే ఆ పనులకు పురాణం కట్టడానికి. అయితే బతికున్న మనిషిని గీసేటప్పుడు ఆ మనిషిని అడగండి. పిన్నికి తన మొదటి పెళ్లి సంగతి పటంలో ఉండటం ఇష్టం లేకపోతే, ఆ గడి ఉండదు. వాదన అక్కర్లేదు.

ఏ తరం గురించైనా ఏమీ దొరక్కపోతే దానికి గడి వదలండి. ఎర్ర నేల (బొమ్మల వెనక ఉండే రంగు) మాత్రమే వేసి, లోపల ఏమీ గీయకండి. తెలియని ముత్తవ్వకు తెలిసిన పక్కింటావిడ ముఖం తగిలించడం కంటే అది నిజాయతీ. చూసినవాళ్లు మొదట ఆగేది ఆ గడి దగ్గరే.

మీ గుర్తుల జాబితా

బొమ్మ గీయడం రాకపోవడం ఈ పనికి పెద్ద అడ్డు కాదు. ఏం గీయాలో తెలియకపోవడమే అడ్డు. నకాషీలో దూరం, లోతు, నీడ ఉండవు. ముఖ్యమైన మనిషి పెద్దగా, మిగతావాళ్లు చిన్నగా ఉంటారు. ముఖం ఎక్కువగా పక్కనుంచి కనిపిస్తుంది, కన్ను పెద్దది. ఇంటి లోపల అని చెప్పడానికి రెండు స్తంభాలు, పైన ఒక తెర. బయట అని చెప్పడానికి ఒక చెట్టు. కాబట్టి మీరు నేర్చుకోవలసినవి పాతిక గుర్తులు, అంతే. ఒక్కోదాన్ని మామూలు కాగితం మీద పదేసిసార్లు గీయండి.

గుర్తులు మీ ఇంటివి కావాలి. నెమలి, తామర, కలశం ఎవరింటికైనా సరిపోతాయి, అందుకే పనికిరావు. అవ్వ మెడలో ఉన్నది కంటెనా, గుండ్లపేరా? కాళ్లకు కడియాలా, పట్టీలా? తాత భుజాన ఉన్నది గొంగడా, తువ్వాలా? తలపాగా ఎటు చుట్టేవాడు? మీ వైపు ముగ్గు చుక్కలదా, గీతలదా? చింతచెట్టుకీ వేపచెట్టుకీ ఆకు తేడా ఒక్క కుంచెపోటులో ఎలా చూపిస్తారు? ఫొటో ఉంటే చూసి, లేకపోతే అడిగి, జాబితా పూర్తి చేయండి.

ఇదే నేలను ఆధునిక చిత్రకారులు ఎలా వాడుకున్నారో చూడటం ఈ దశలో మేలు చేస్తుంది. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య పల్లె పండగలను నకాషీ పోకడకు దగ్గరగా తెచ్చాడు. తోట వైకుంఠం స్త్రీలలో బొట్టు, ముక్కుపుడక, చీర అంచులే మనిషిని నిలబెడతాయి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గీతల్లో మేకలు, పొదలు, మనుషుల ఒంటి గరుకుదనం కనిపిస్తాయి. ముగ్గురూ తెలంగాణవాళ్లే, ఒకరి బొమ్మ ఇంకొకరిదని పొరపడటానికి వీల్లేదు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియం సేకరణలో పాత తెలంగాణ పటాలున్నాయి. చేర్యాల వెళ్లగలిగితే ఇంకా మంచిది, పని జరుగుతుండగా చూడొచ్చు.

బట్ట తయారీ

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రంగు బాగా వేయలేదనుకుంటారు కానీ, తప్పు కిందున్న పూతది.

కోరా ఖద్దరు, 215 సెంటీమీటర్ల పొడవు, 56 వెడల్పు కోయించండి. ఉతికితే ఖద్దరు కుంచించుకుపోతుంది, అందుకే ఎక్కువ. వేణ్నీళ్లలో కొద్దిగా సబ్బుతో ఉతికి, గంజి, నూనె అంతా పోయేలా రెండుసార్లు జాడించి ఆరబెట్టండి. నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకోవాలి. చుక్క పైనే నిలిస్తే మళ్లీ ఉతకాలి. తర్వాత బట్టను చెక్క చట్రానికి గుండుసూదులతోనో, అంచులు కుట్టి తాడుతోనో బిగించండి. వెనక గాలి ఆడాలి. నేలమీద పాలిథిన్ పరచి పూస్తే అడుగు ఆరక, తీసేటప్పుడు పూత ఊడొస్తుంది.

చింతగింజల జావ: 100 గ్రాముల గింజలు పెనంమీద పొట్టు పగిలేదాకా వేయించి, దంచి పొట్టు తీసేయండి. పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, లీటరుంపావు నీళ్లలో సన్నసెగమీద అరగంట కలుపుతూ ఉడికించండి. చెంచా వెనక అంటుకుని మెల్లగా జారేంత చిక్కబడాలి. పల్చటి బట్టలో వడగట్టండి. వడగట్టకపోతే ఆ పలుకులన్నీ తర్వాత ముఖాలమీద తేలతాయి. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు. పురుగు పట్టకుండా నాలుగు చుక్కలు లవంగనూనె వేయొచ్చు.

తుమ్మజిగురు: ఒక వంతు జిగురు పలుకులు, రెండు వంతుల గోరువెచ్చటి నీళ్లు. రాత్రంతా నానాక వడగట్టాలి. దీన్ని పూతకూ రంగులకూ వాడతాం. చేర్యాలలో తిరుమణి చెట్టు జిగురు వాడతారు. అది దొరకనివాళ్లకు తుమ్మజిగురు సరిపోతుంది.

మొదటి పూత జావ 300 మిల్లీలీటర్లు, బియ్యం గంజి 150 మిల్లీలీటర్లు మాత్రమే. ఇది బట్ట రంధ్రాలు మూయడానికి. వెడల్పు కుంచెతో అడ్డంగా పూసి, నీడలో ఆరనివ్వండి. రెండో, మూడో పూతలకు జావ 500 మిల్లీలీటర్లు, గంజి 200 మిల్లీలీటర్లు, జల్లించిన సుద్దమట్టి 300 గ్రాములు, తుమ్మజిగురు 50 మిల్లీలీటర్లు. మజ్జిగ కంటే చిక్కగా, దోసెపిండి కంటే పల్చగా ఉండాలి. రెండోది నిలువుగా, మూడోది అడ్డంగా. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తర్వాతది. వెనకవైపు మట్టి లేని జావ ఒక్కసారి పల్చగా పూస్తే బట్ట ముందుకు ముడుచుకోదు. చివర నున్నటి గులకరాయితో చిన్న చిన్న వలయాలుగా రుద్దండి, కుంచె పాకడానికి వీలుగా నునుపు వస్తుంది.

సుద్దమట్టి ఊరికో రకం కాబట్టి అరచేతి వెడల్పు ముక్కమీద ముందు ప్రయత్నించి చూడండి. ఆరాక నల్లగుడ్డతో రుద్దితే తెల్లగా అంటితే జిగురు చాలలేదు, 20 మిల్లీలీటర్లు పెంచండి. చీపురుకర్ర లావు గొట్టానికి చుడితే వెంట్రుకలాంటి పగుళ్లు వస్తే మట్టి ఎక్కువైంది, లేదా పూత దళసరి అయింది. వేలు పెడితే అతుక్కుంటే జిగురు ఎక్కువైంది. అలాంటి పటం వానాకాలంలో చుట్టలోనే అంటుకుపోయి, విప్పేసరికి బొమ్మ రెండు ముక్కలవుతుంది. ఎండలో ఆరబెట్టినా పగుళ్లే, పైన ఆరి లోపల తడి ఉంటుంది మరి. జూలై, ఆగస్టు నెలల్లో ఈ దశ పెట్టుకోకపోవడం ఉత్తమం. తప్పదంటే ఫ్యాను కింద, ఒక్కో పూతకు రోజున్నర.

కొలతలు, గీత

పైనా కిందా 10 సెంటీమీటర్ల చొప్పున వదలండి, కర్రలు పట్టేది అక్కడ. ఇరుపక్కలా 3 సెంటీమీటర్లు. మిగిలిన 180 × 46 లో మొదటి గడి ఎత్తు 20, మిగతా ఆరు 24 చొప్పున. గడుల మధ్య, పైనా కిందా అంచు పట్టీలు మొత్తం ఎనిమిది, ఒక్కోటి 2 సెంటీమీటర్లు. కూడితే 20, 144, 16, మొత్తం 180. పక్క అంచులు 2 చొప్పున పోతే గడి వెడల్పు 42.

గడిలో ముఖ్యమైన మనిషి ఎత్తు 18 సెంటీమీటర్లు, మిగతావాళ్లు 13. తల, మొత్తం ఎత్తులో ఐదో వంతు. అంతకంటే చిన్నదైతే నకాషీ మనిషిలా ఉండడు, పత్రికలో బొమ్మలా ఉంటాడు. గడికి నలుగురికి మించొద్దు. పాదాలన్నీ ఒకే గీతమీద నిలవాలి. కొత్తవాళ్లు వెనకున్నవాళ్లను కాస్త పైకి జరుపుతారు, అలా జరిపితే లోతు వచ్చి పటం స్వభావం పోతుంది. నకాషీ పనివాళ్లు నేరుగా కుంచెతోనే గీస్తారు. మీరు తేలికపాటి పెన్సిల్ వాడుకోండి, రబ్బరు గట్టిగా రుద్దకండి. రుద్దినచోట పూత లేచి, ఆ తర్వాత వేసిన రంగు అక్కడ మచ్చలా పీలుస్తుంది. అందుకే ముందు కాగితంమీద అసలు కొలతలో గీసి, వెనక జాజుపొడి (ఎర్రమట్టి పొడి) రుద్ది, బట్టమీద పెట్టి గీతలు దించుకోవడం మంచిది.

అంచు పట్టీలు అలంకారానికే అనుకుంటాం. వాటితో చిన్న పని చేయించండి. మీ నోటుపుస్తకంలోని మూడు గుర్తులు ఇక్కడికి వస్తాయి: "చూసింది" అన్న గడి కింద పూలతీగ అంచు, "విన్నది" అన్నదానికి ఆకుల వరుస, "ఊహ" అన్నదానికి ఉత్త చుక్కలు. అది తెలిసినవాళ్లు పటాన్ని రెండు రకాలుగా చదువుతారు.

రంగులు

పాతవాళ్లు శంఖం నూరి తెలుపు, దీపపు మసితో నలుపు, పసుపుతో పసుపుపచ్చ, నీలిమందుతో నీలం చేసేవాళ్లు. ఇప్పుడు బజారు రంగులూ వాడుతున్నారు. ఇంట్లో చేసేవాళ్లకు రెండు హెచ్చరికలు. ఎరుపునిచ్చే ఇంగిలీకంలో పాదరసం, పసుపుపచ్చనిచ్చే హరిదళంలో పాషాణం ఉంటాయి, వాటిని నూరే ప్రయత్నం చేయొద్దు. రెండోది, వంటింటి పసుపు వెలుతురుకు నిలవదు, గోడమీద కొన్ని నెలల్లోనే పాలిపోతుంది. దానికి బదులు పసుపుపచ్చ మట్టిరంగు వాడండి. కొట్లో "నీలిమందు" అని అడిగితే బట్టల నీలం ఇస్తారు. అదీ రంగే, కానీ నీలిచెట్టు నీలం లాంటి ముదురుతనం దానికి రాదు.

పొడి రంగులైతే రెండు వంతుల పొడి, ఒక వంతు తుమ్మజిగురు, కాసిన్ని నీళ్లు. గాజుపలక మీద పది నిమిషాలు నూరాలి. ఆరాక వేలికి అంటితే జిగురు పెంచండి, మెరిస్తే లేదా బిగుసుకుని పగిలితే తగ్గించండి. మసి నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ముందు దాన్ని జిగురుతోనే ముద్ద చేసి తర్వాత నీళ్లు పోయాలి.

మొదట వేసేది నేల, అంటే ఎరుపు. జాజు ఒక్కటే వేస్తే గోధుమవన్నె వైపు పోతుంది. ట్యూబు గ్వాష్‌లో (నీళ్లతో కలిపే దళసరి రంగు) దొరికే ముదురు ఎరుపు సగానికి సగం కలిపితే పటానికి తగిన ఎరుపు వస్తుంది. మొత్తం పటానికి సరిపడా, 150 మిల్లీలీటర్ల దాకా, ఒకేసారి కలిపి మూతపెట్టుకోండి. రెండోసారి కలిపినది మొదటిదానితో ఎప్పటికీ కలవదు, నాలుగో గడి దగ్గర అతుకు కనిపిస్తుంది. మనుషుల చుట్టూ 4వ నంబరు కుంచెతో అంచు కట్టి, తర్వాత 8వ నంబరుతో నింపండి. దళసరిగా ఒకసారి కంటే పల్చగా రెండుసార్లు మేలు.

తర్వాత ఒళ్లు. సంప్రదాయంలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురురంగు, మనుషులకు గులాబీ, చామనఛాయలు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. నలుపును రాక్షసుడికి ఇచ్చిన పద్ధతిని మీ నల్లటి తాతమీద అలాగే దించుతారా? మా సలహా: ఇలవేల్పు గడిలో పాత నియమం పాటించండి, మనుషుల గడుల్లో ఎవరి ఒంటిరంగు వాళ్లకివ్వండి. చామనఛాయకు జాజు, పసుపుపచ్చ మట్టి, కాస్త తెలుపు కలిపితే చాలు, ముదురుకు చిటికెడు మసి. ఎర్ర నేలమీద ముదురు ఒళ్లు కలిసిపోతుందేమోనన్న భయం ఉంటే చుట్టూ సన్నటి తెల్లగీత వేయండి.

ఆ తర్వాత బట్టలు, వస్తువులు, చెట్లు. ప్రతి రంగూ గడి గడికీ కాకుండా మొత్తం పటం పొడవునా ఒకేసారి వేస్తూ పోతే ఏడు గడులూ ఒకే చేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. చీర అంచులు, నగలు చివర, కుంచె 2తో. అన్నీ ఆరాక నల్ల బయటిగీత, కుంచె 0తో. నలుపు పాలంత పల్చగా ఉండాలి. చిక్కగా ఉంటే గీత మధ్యలో తెగుతుంది. మణికట్టుతో కాకుండా మోచేతితో లాగండి. గీత తప్పితే తుడవకండి, తుడిస్తే కింది రంగూ లేస్తుంది. ఆరనిచ్చి, కింది రంగుతో కప్పి, మళ్లీ గీయండి. కంటిపాప అందరికీ చివర్లో, ఒకే పూట పెట్టండి. చూపు ఎటు పోవాలో అప్పుడే తేలుతుంది: అప్పు గడిలో సేటు చూపు లెక్కల పుస్తకం మీద ఉందా, మనిషి మీద ఉందా అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది.

శ్రీకాళహస్తి వైపువాళ్లకు కలంకారీ చేతికి దగ్గరగా అనిపించవచ్చు. కరక్కాయ, పాలు పట్టించిన బట్టమీద బెల్లం, ఇనుము పులియబెట్టిన కసింతో గీసే ఆ పద్ధతి వేరు, దానికి పారే నీళ్లు, ఎండ కావాలి. రెండింటినీ ఒకే బట్టమీద కలపకండి. సుద్దపూత ఉతుకుకు నిలవదు.

చుట్ట, చెప్పడం

వార్నిష్ కొట్టొద్దు. మెరుపు వచ్చి, చుట్టినప్పుడు పగులుతుంది. పైనా కిందా వదిలిన 10 సెంటీమీటర్ల బట్టను గొట్టంలా మడిచి కుట్టి, వెదురుకర్రలు దూర్చండి. దాచేటప్పుడు బొమ్మ బయటివైపు ఉండేలా, కనీసం 10 సెంటీమీటర్ల లావున్న గొట్టానికి చుట్టి, పైన ఉతికిన పాత నూలుబట్ట కప్పండి. లోపలివైపు చుడితే రంగు నొక్కుకుని పెచ్చులు లేస్తుంది. వేపాకు వేయాలనుకుంటే మూటకట్టి పెట్టె మూలన వేయండి, పటానికి తగలనివ్వొద్దు. వానలు తగ్గాక ఏడాదికోసారి నీడలో విప్పి గాలికి పెట్టండి.

మీరు చేసినదాన్ని చేర్యాల పటం అని అమ్మకండి. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఆ ఊరి పనివాళ్లది. మీది నకాషీ పద్ధతిలో చేసిన ఇంటి పటం.

పటాన్ని మొదటిసారి విప్పేది ఎవరి కథలు విన్నారో వాళ్ల ముందే. గడికి రెండు నిమిషాల చొప్పున చెప్పండి, కర్రతో చూపిస్తూ. ఎవరైనా అడ్డొచ్చి "అది అలా కాదు" అంటారు. ఫోన్‌లో రికార్డింగు ఆన్‌లో ఉంచండి. ఆ దిద్దుబాట్లను పటంమీద వెంటనే చేయకుండా నోటుపుస్తకంలో గడి నంబరుతో రాయండి. ఊహ గడి విన్న గడిగా మారితే అంచులోని చుక్కలను ఆకులుగా మార్చడం గంట పని. ఖాళీ గడికి ఎవరైనా ముఖం తెచ్చిపెడితే, ఎర్ర నేలమీద జింకు తెల్లరంగు ఒక పొర వేసి, ఆరాక దానిమీద గీయండి, నేరుగా ఎరుపుమీద వేస్తే ఒంటిరంగు మసకబారుతుంది. కింది కర్ర గొట్టాన్ని మిషన్‌తో కాకుండా చేత్తో, పొడుగు కుట్లతో వేయండి. ఎనిమిదో గడికి బట్ట అతకాల్సి వచ్చినరోజు విప్పడం తేలిక.